అక్క లేని ఆదివారం భోజనం

లియోనిలా అక్క కుట్టు దుకాణం మాల్ కింది అంతస్తులో, మెట్ల పక్కన. ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం, బడి పిల్లల యూనిఫాంలు వదులు చేయడం ఆవిడ పని. నాది మూడో అంతస్తు ఫుడ్ కోర్టులో హాలో హాలో కొట్టు. తురిమిన ఐసులో తీపి గింజలూ పాలూ వేసి ఇస్తాను. నా ఎదురుగానే కోడి కాల్చే గ్రిల్లు. మా బకోలోద్ ఊళ్ళో బొగ్గుల మీద కోడి కాలని వీధి లేదు గానీ, ఆదివారం ప్రార్థన కూడా మాల్‌లోనే జరుగుతుంది కాబట్టి అది ముగియగానే జనమంతా ఇక్కడికే వస్తారు.

ఆవిడకు ఒక్కతే అక్క, పురింగ్. చెరకు తోటల్లో కూలి చేసిన అమ్మానాన్నలు పోయాక ఇద్దరూ ఒకే గదిలో, ఒకే దోమతెర కింద బతికారు. పురింగ్ బేకరీలో పనిచేసేది. ఇద్దరూ పెళ్ళి మాట ఎత్తలేదు. ప్రతి ఆదివారం గ్రిల్లుకి వచ్చి గోడవారగా ఉన్న బల్ల దగ్గర కూర్చునేవారు. పురింగ్‌కి రొమ్ము ముక్క, లియోనిలాకి కాలు. వేడన్నం మీద కోడి కొవ్వు కాచిన ఎర్రటి నూనె ఒంపుకుని, చేత్తో కలుపుకుని తినేవారు. మాటలు తక్కువ. పురింగ్ తన ముక్క మీది కరకరలాడే చర్మం ఒలిచి, అడక్కుండానే చెల్లెలి పళ్ళెంలో పడేసేది.

అరవై దగ్గర పడుతుండగా పురింగ్ పెళ్ళి చేసుకుంది. పెళ్ళికొడుకు ఎర్మిన్యో, ఓడల్లో మెకానిక్, భార్య పోయినవాడు. అతని ఊరు కూయో దీవి. ఇక్కణ్ణుంచి రెండు ఓడలు మారి వెళ్ళాలి.

"నువ్వూ వచ్చెయ్యవే," అందట పురింగ్.

"నేనెందుకు, మీ ఇద్దరి మధ్య దిండులాగా?" అని నవ్వేసిందట ఈవిడ.

ఆ తర్వాత లియోనిలా ఒక్కతే రావడం మొదలుపెట్టింది. చేతిసంచి ఎదురు కుర్చీలో పెట్టేది. జీతాల వారం కుర్చీల కోసం జనం కొట్టుకుంటున్నా ఆ సంచి కదిలేది కాదు.

"ఇక్కడెవరైనా ఉన్నారాండీ?" అని అడిగేవాళ్ళు.

"ఉన్నారు. చేతులు కడుక్కోడానికి వెళ్ళింది."

ఒకరోజు నేను ఉండబట్టలేక అన్నాను. "అక్కా, పురింగ్ అక్క చేతులు కడుక్కోడానికి కూయో దాకా వెళ్ళిందా?"

ఆవిడ నవ్వింది. "ఒక్కదాన్నే తింటుంటే అందరూ నా నోట్లోకే చూస్తున్నట్టుంటుందే టార్సీ," అంది.

అక్టోబరులో మా ఊరి పండగకి పురింగ్ మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఆ ఆదివారం లియోనిలా కొత్త గౌను వేసుకుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని, గోడవార బల్లకి ఇంకో కుర్చీ లాగి ఇద్దరినీ కూర్చోబెట్టింది. ఎర్మిన్యో మంచి మనిషి. నీళ్ళు తానే తెచ్చాడు, మరదలి అన్నం అయిపోవడం చూసి, అన్నం బక్కెట్టుతో తిరిగే అమ్మాయిని పిలిచాడు.

"ఇంకా పెట్టించుకో, మొహమాటపడకు. చిక్కిపోయుంటావని మీ అక్క ఓడలో ఒకటే గోల."

పురింగ్ కబుర్లు చెబుతూనే తన ముక్క మీది చర్మం ఒలిచి, మొగుడి పళ్ళెంలో వేసింది. పురింగ్ అది గమనించుకోలేదు. లియోనిలా చేయి కాస్త ముందుకొచ్చి ఆగిపోవడం నా కొట్టులోంచి నేను చూశాను. ఆ చేత్తోనే మిరపకాయల వెనిగర్ సీసా అందుకుని, అన్నం మీద మరీ ఎక్కువగా పోసుకుంది.

వాళ్ళు వెళ్ళిపోయాక నా దగ్గరికొచ్చి నిలబడింది.

"బావ ఎలా ఉన్నాడక్కా?"

"మంచివాడే. కోపం తెచ్చుకుందామంటే ఒక్క సాకూ దొరకలేదు."

ఆ తర్వాత ఆవిడ ఎవరడిగినా కుర్చీ ఇచ్చేసేది. నర్సింగ్ చదివే పిల్లలు, సెలవు రోజు బయటికొచ్చిన పనిమనుషులు ఎదురుగా కూర్చుని ఫోన్లు చూసుకుంటూ తినేసి వెళ్ళేవారు. ఒకసారి మా ఇంటికి భోజనానికి లాక్కెళ్ళాను. నా పిల్లల అల్లరికి నవ్వింది, గిన్నెలు కూడా తోమింది. మళ్ళీ పిలిస్తే తలనొప్పి అంది.

క్రిస్మస్‌కి కూయో రమ్మని పురింగ్ కబురు పంపింది. లియోనిలా ఓడ టికెట్టు కొనుక్కుంది. అక్కకి గౌను, బావకి చొక్కా కుట్టింది. మొదటి ఓడ దిగి ఇలోయిలో రేవు చేరేసరికి తుఫాను హెచ్చరిక వచ్చి రెండో ఓడ ఆగిపోయింది. రాత్రంతా రేవు బెంచీ మీదే కూర్చుని, సముద్రం కాస్త శాంతించాక ఇంటికి తిరిగొచ్చేసింది. బట్టలు పార్సిల్ చేసి పంపింది.

పండగ వెళ్ళాక నా కొట్టుకొచ్చి, అంత చల్లటి పూట హాలో హాలో అడిగింది. నిలబడే తింటూ, గ్లాసు అడుగుదాకా వచ్చాక అంది.

"ఓడ లేదనగానే అక్కడ ముసలాళ్ళు ఏడ్చారు, పిల్లలు ఏడ్చారు. నాకేమో హాయిగా అనిపించిందే టార్సీ. అప్పుడేసింది భయం."

ఇంకొంచెం పాలు పోయనా అని అడిగాను. వద్దంది. కింద ఎవరో జిప్పు కోసం ఎదురు చూస్తున్నారని చెప్పి, చెంచా గ్లాసులో వదిలేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది.