రికార్డు రెండో వైపు

ఆదివారం, వికారాబాద్. ఉన్నవాళ్లు: నేను, మనవరాలు.

"తాతా, నా దోస్తు వాళ్ల నాయన పోయిండు. వినమని ఏం పాటలు చెప్పాలె?" అంది మనవరాలు. బీరువాలోంచి పాత రికార్డు తీశాను. అట్ట వాసనకు తాండూరు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పక్కింటి చంద్రకళ అత్త భర్త పోయి మూడు నెలలైంది. "ఇంట్ల సప్పుడే లేదు కొడుకా, ఏదన్న మంచి రికార్డు పెట్టు" అని నాపరాళ్ల గోడ అవతలి నుంచి అడిగింది. నాకు అన్నిటికంటే ఇష్టమైన పెళ్లి సన్నాయి పెట్టాను. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

"సావైన ఇంటికి పెండ్లి సన్నాయి వినిపిస్తవార?" అని అమ్మ చెవి మెలిపెట్టింది. అత్తకు కోపమొచ్చిందని, ఇక నాతో మాట్లాడదని డైరీలో రాసుకుని ఏడ్చాను.

"వాళ్ల నాయనకు ఏ పాట ఇష్టముండెనో ముందు అడుగు బిడ్డా" అన్నాను మనవరాలితో. డైరీలో తర్వాతి పేజీ కూడా ఉంది మరి.

ఆ మర్నాడు పొద్దున అత్త గోడ మీద జొన్నరొట్టెలు పెట్టి, "మా పెండ్లిల గిదే మోగింది. రెండో దిక్కు గూడ ఉంటది గద కొడుకా, పెట్టు" అంది.