పంటు మీద గెలిచిన మాట

మా మాటల టీచరుగారు మొన్న మంగళవారం పోయారు. సంస్మరణ సభకు "చెవిటి పిల్లలకు మాటలు నేర్పిన తల్లి" అని బ్యానరు రాయిస్తామన్నారు మీరు. దయచేసి రాయించకండి. ఆవిడ ఉంటే ముందు బ్యానరు దింపించి, ఆపైన మీకు పాఠం చెప్పేవారు. మా మనవరాలు చెవిటిది కాదు. మూర్ఛ ఉన్న పిల్ల.

ఆరేళ్ళప్పుడు దానికి మాటలు అర్థం కాకుండా పోయాయి. చప్పుడైతే తిరిగేది, "అన్నం తిను" అంటే తెల్లమొహం వేసేది. చెవులు బాగానే ఉన్నాయి. రాజమండ్రి డాక్టరుగారు నిద్రలో తలకు వైర్లు పెట్టి చూశారు. మెదడులో శబ్దాన్ని మాటగా పోల్చుకునే చోటును, పైకి కనబడని మూర్ఛ కలవరపెడుతోందన్నారు. మందులిచ్చి, మా నరసాపురంలోనే ఉన్న టీచరుగారి పేరు చెప్పారు.

ఈలోగా మా ఇంట్లో సొంత వైద్యం మొదలైంది: అరవడం. నేను, కోడలు, పక్కింటివాళ్ళు, అందరం ఒకేసారి. మొదటిరోజు ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏంటండీ మామ్మగారూ, పిల్లకి చెబుతున్నారా, రేవులో పంటుని ఆపుతున్నారా?"

"గట్టిగా చెబితేనైనా ఎక్కుతుందేమోనని అండి."

"చెవి గుమ్మమేనండి. వచ్చిందెవరో పోల్చుకోవాల్సింది లోపలివాళ్ళు. అందరూ ఒక్కసారే తోసుకొస్తే ఎవర్ని పోలుస్తారు, పాపం!"

అప్పటినుంచి ఒకరు మాట్లాడితే మిగతావాళ్ళం నోరు మూసుకోవాలి. భీమవరం నుంచి వచ్చిన వియ్యాలవారు మేం పోట్లాడుకున్నామనుకున్నారు. ఆవిడ గంట, గ్లాసు చప్పుళ్ళతో మొదలుపెట్టి ఒక్కో మాటా నేర్పుతూ వచ్చారు. మూర్ఛ ఎక్కువైతే నేర్చిందంతా పోయేది. నేను కళ్ళొత్తుకుంటే, "ఏడవండి, కానీ అవతలి గదిలో. అక్కడ పాఠం లేదు" అనేవారు. బడివాళ్ళేమో జూన్‌కల్లా మాట అందకపోతే చేర్చుకోం అన్నారు.

ఏప్రిల్‌లో గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్ళడానికి పంటు ఎక్కాం. ఇంజను మోత, చేపల బేరాలు. పిల్ల నీళ్ళకేసి చూస్తోంది. టీచరుగారు దాని వెనక నిలబడి, మామూలు గొంతుతో, "నీ ఎడం చెప్పు బెల్టు ఊడిందే" అన్నారు.

పిల్ల వంగి చూసుకుంది. గిరుక్కున తిరిగింది.

"అబద్ధాలు చెప్పకూడదండీ!"

"విన్నారా మామ్మగారూ! నన్ను తిట్టింది!" అని ఆవిడ పంటంతా తిరిగి, ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా చెప్పుకొచ్చారు. నేనైతే అరిచాను. ఆ ఒక్కరోజూ అరిచినందుకు ఆవిడ నన్ను కోప్పడలేదు.

జూన్‌లో పిల్ల అదే బడిలో ముందు బెంచీలో కూర్చుంది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. నేను చెప్పేవన్నీ అర్థమవుతాయి, ఒక్కటీ చెయ్యదు.

ఆదివారం సభలో మొదట మాట్లాడేది అదే. ఆవిడ దగ్గర నేర్చుకున్న చిన్నపిల్లలంతా ముందు వరసలో కూర్చుంటారు. హాల్లో ఫ్యాన్లు గడగడమంటాయి, వాళ్ళకు మాట అందదు, అందుకని ఆపించేస్తాం. అటకమీది తాటాకు విసనకర్రలు దులిపి, తలా రెండు పట్టుకురండి. ఒకటి మీకు, ఒకటి పక్కవారికి. పిల్ల మాట్లాడుతున్నంతసేపూ హాలంతా అవి చప్పుడు లేకుండా ఊగాలి.