ఎండకు పెట్టిన గిటార్

మొన్న దీపావళికి సున్నం వేయించాలని మా అన్న గదిలోని సామానంతా బయటికి తెచ్చాం. గోడకున్న ఎలక్ట్రిక్ గిటార్‌ను దించి, తుడుద్దామని అన్న దాని ముందున్న తెల్ల ప్లాస్టిక్ పలక స్క్రూలు విప్పాడు. కింద ముదురు నీలం! అది ఆకుపచ్చ గిటారనే మా ఇంట్లో అందరూ అనుకుంటారు. నిజం చెప్పొద్దూ, కొన్నప్పటి రంగు నేనూ మరిచిపోయాను.

సూరత్‌లో అప్పుడు అమ్మానాన్నలకు, అంటే మా అవ్వకూ బాపుకూ, అన్నకూ నాకూ కలిపి ఒకటే గది. మరమగ్గాల కార్ఖానాలో బాపుది రాత్రి షిఫ్టు, అన్నది పగలు. ఒకరు లేచిన పరుపు మీద ఇంకొకరు పడుకునేవారు. ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు నిద్రలో ఉంటే గిటార్ ఎప్పుడు వాయించాలి? స్పీకర్ డబ్బా కొనే ముచ్చట అట్లాగే ఉండిపోయింది. అది లేకుండా వాయిస్తే వచ్చే సన్నని చప్పుడు పక్క కార్ఖానా మగ్గాల మోతలో కలిసిపోయేది. అయినా అన్న కళ్ళు మూసుకుని తల ఊపుతుంటే అవ్వ నవ్వేది. "ఏందిరా, నీకన్నా ఇనబడుతుందా?"

దాన్ని ఎక్కువ చూసుకున్నది మాత్రం బాపు. ఊళ్లో చేతిమగ్గం నేసిన మనిషి. గంజి పెట్టిన పడుగు దారం ఎండలో ఆరితేనే పోగు గట్టిపడుతుందని ఆయన చేతులకు తెలుసు. ఒక వానాకాలం గిటార్ తీగ తుప్పు పట్టి తెగింది. ఇంకేముంది, దాన్ని కిటికీ పక్క మేకుకు తగిలించాడు. "ఎండ తగలాలె బిడ్డా, లేకుంటె పోగు తెగుతది." రోజూ షిఫ్టు నుంచి వచ్చి, కళ్ళు మూతలు పడుతున్నా, దాన్ని ఎండవైపు తిప్పి గానీ పడుకునేవాడు కాదు. ఆ ఎండకు పైనున్న మెరుపు పూత పసుపెక్కి, నీలం కాస్తా ఆకుపచ్చగా మారింది. రోజూ చూసే కళ్ళకు ఆ తేడా తెలియలేదు.

గుజరాతీల గర్బా ఆటకు పాటల బృందం నడిపే ఒకాయన నవరాత్రుల్లో గిటార్ వాయించడానికి అన్నను రమ్మన్నాడు. అన్నకు ప్రాణం లేచొచ్చింది. అన్న ఈ మగ్గాల్లోంచి బయటపడతాడని నేనెంత ఆశపడ్డానో! కానీ నవరాత్రులంటే దీపావళి చీరల సీజన్. మానేస్తే మగ్గాలు ఇంకొకరికి ఇచ్చేస్తారు. బాపుకు అప్పటికే విడవని దగ్గు.

"జర ఆగు బిడ్డా, గీ సీజన్ కానీ" అన్నాడు బాపు. మరుసటి ఏడూ అదే మాట. ఆ తర్వాత అన్న అడగడమే మానేశాడు. నాకు ఒళ్ళు మండేది, ఎవరి మీదో కూడా తెలియకుండా.

బాపు పోయాక అన్నే దాన్ని ఎండవైపు తిప్పుతూ వచ్చాడు. ఇప్పటికీ అవే మగ్గాలు. ఆ మోతకు చెవులు మందగించాయి.

"అన్నా, ఒక్కసారి వాయించరాదూ" అన్నాను గట్టిగా. అన్న ఒక తీగ మీటి, చెక్కకు చెవి ఆనించాడు. ఏం వినిపించిందో ఏమో.

"బాపు ఎండకు పెట్టిండు గదా, మల్ల తెగనే లేదు" అని నవ్వి, ఆ నీలం మీద పలక బిగించేశాడు. "షిఫ్టుకు టైమైంది చెల్లె. సీజన్ గదా."

ఆ కిటికీలోంచి ఎండ పొద్దున కాసేపు వచ్చేది, అంతే. ఆ కాసేపటికే నీలమంతా పోయింది. తక్కిన పొద్దంతా, దాంతో అన్న వయసంతా, ఎటు పోయిందో మాకెవరికీ తెలియలేదు.