నీళ్ళు లేని కందకం

మొన్న నిర్మల జపాన్ నుంచి తెచ్చిన పటం మడత విప్పగానే కొత్త నోటుపుస్తకం వాసన గుప్పుమంది. మత్సుయే అనే పాత కోట ఊరి పటం అది. కోట చుట్టూ ఇప్పటికీ నీళ్ళున్న కందకం, అందులో తిరిగే పడవలు, గట్టున చెట్ల వరస, శత్రువు సూటిగా దూసుకురాకుండా కావాలనే వంకర తిప్పిన వీధులు. ఎప్పుడో గీసిన ఊరిని అలాగే కాపాడుకుంటున్నారట. మునిసిపాలిటీ ప్లానింగ్ సెక్షన్లో గీతలు గీసి గీసి చూపు మందగించినదాన్ని, కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఆ ఊరి మీద కుళ్ళు. విశాఖలో ఆర్కిటెక్చర్ పాఠాలు చెబుతూ దాన్ని చూసొచ్చిన నిర్మల మీద ఇంకా కుళ్ళు. ఇది ఇవాళ్టిది కాదు.

మా చిన్నప్పుడు రాజమండ్రిలో నిర్మలా వాళ్ళింటికీ మా ఇంటికీ ఒకటే గోడ. కందకం రోడ్డంటే కంద అమ్మే రోడ్డని నేను నిజంగానే నమ్మేదాన్ని. శ్రావణంలో ముసురు పట్టి, పెరట్లో బచ్చలి తీగ పందిరి దాటి, వంటింట్లో నూరుతున్న ఆవ ఘాటు ముక్కుకెక్కుతున్న ఒకనాడు, "అమ్మా, కందకం వెళ్ళి కంద తెస్తానే" అంటూ సంచీ పట్టుకుని బయల్దేరితే వీధంతా నవ్వింది. నవ్వనిది నిర్మలా వాళ్ళ నాన్నగారొక్కరే. ఆయన మిషన్ బడిలో మేస్టారు. ఆదివారం చర్చి నుంచి రాగానే, గంజి పెట్టిన తెల్లచొక్కాతోనే, మా ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని ఊరు తిప్పేవారు. కోటగుమ్మం దగ్గర లేని గుమ్మాన్నీ, పల్లపు వీధిలో లేని కందకాన్నీ చూపించి, "ఇక్కడ ఏనుగు మునిగేంత లోతుండేదమ్మా" అనేవారు. మా నాన్న నాతో వీధి చివరిదాకా నడిచిన గుర్తు కూడా లేదు. మేస్టారి రెండో చెయ్యి కూడా నాకే కావాలనిపించేది.

ఐదో తరగతిలో మన ఊరి పటం గీయమన్నారు. నిర్మల కందకం నిండా నీలం రంగు వేసింది. పిల్లలంతా దాని చుట్టూ మూగారు. నేను లేచి, "అక్కడ చుక్క నీళ్ళు లేవండి, అబద్ధం గీసిందండి" అన్నాను. టీచరు గారు ఆ నీలం మీద ఎర్రగా ఇంటూ కొట్టారు. ఆ ఆదివారం నన్నెవరూ పిలవలేదు. తండ్రీకూతుళ్ళు మా అరుగు ముందు నుంచి వెళ్ళిపోతుంటే కిటికీ చువ్వలు పట్టుకుని చూశాను. మేస్టారికి కోపం వచ్చిందనుకున్నాను. ఆయనకి నిడదవోలు బదిలీ అయ్యేదాకా, ఎదురుపడితే సందులోకి తప్పుకునేదాన్ని.

మొన్న పటం మడుస్తూ ఆ సంగతి నేనే ఎత్తాను. నిర్మల టీ గ్లాసు కింద పెట్టింది.

"నాన్నకి కోపమెందుకే? ఆ పిల్ల ఉన్నది ఉన్నట్టు చూసింది, ఈ వారం దాన్నే ముందు నడవనిద్దాం, పిలుచుకురా అన్నారు. నాకు కుళ్ళొచ్చింది. నువ్వు రానన్నావని చెప్పాను."

మేస్టారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన చూపించిన పల్లం కూడా ఇప్పుడు లేదు. మెరక చేసి దుకాణాలు కట్టేశారు, ఆ ప్లాన్లు కొన్ని నేనే గీశాను.

"మళ్ళీ ఎప్పుడైనా అడిగారా?" అన్నాను.

"ప్రతి ఆదివారం అడిగేవారే" అంది నిర్మల.