తునకల తీగ

మా మేనత్త టీవీ ఎప్పుడూ కూర్చుని చూడలేదు. కోదాడ కిరాయింటి దొడ్లో తీగ మీద పెద్దమాంసం తునకలు ఎండేసినప్పుడల్లా, పక్కింటామె చూస్తుందేమోనని టీవీకీ కిటికీకీ మధ్య తిరుగుతుండేది. బంగారానిక్కూడా అంత కాపలా ఉండదు.

ఒకరోజు టీవీలో చైనా హునాన్ పల్లె వచ్చింది. ఒక ముసలమ్మ పొయ్యి పైన పొగలో వేలాడుతున్న మాంసాన్ని నవ్వుతూ చూపిస్తోంది. "మా అమ్మ నేర్పింది" అంటోందని తెర కింద వచ్చిన ఇంగ్లీషు అక్షరాలు చదివి చెప్పాను. అత్త ఆగిపోయింది.

"సూడ్రా, ఆమె దాస్తలేదు."

"ఆమెకు మన పక్కింటామె లేదు గదత్తా."

అత్త దొడ్లోకి పోయింది. తీగ విప్పి తెచ్చి ముందు వాకిట్లో కట్టింది. పక్కింటామె రానే వచ్చింది.

"ఏంటక్కా అవి?"

"తునకలు. మా అమ్మ నేర్పింది."

ఆ పూట అత్త మొదటిసారి కూర్చుని టీవీ చూసింది. కాకుల కాపలా నాకు పడింది.