పారువేట విల్లు

మా ఆయన బెంగళూరు నుంచి తిరిగొచ్చిన ఏడాది మా ఊళ్ళో వేరుశనగ మొలవలేదు. విత్తనం వేశాక వాన మొహం చాటేసింది. ఆయన అక్కడ బండలు కోసే ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు పాలిష్ పని చేశాడు. ఆ రాతిపొడి ఛాతీలో చేరి గట్టిపడిందనీ, అది ఇక బయటికి రాదనీ అనంతపురంలో డాక్టరు చెప్పాడు. ఇంటి నుంచి బోరింగు దాకా నడవాలన్నా మధ్యలో ఒకచోట కూచోవాల్సి వచ్చేది. మాకు పిల్లల్లేరు. కూలి దొరకని రోజుల్లో నేనూ ఇంట్లోనే ఉండేదాన్ని. ఇద్దరం ఉన్నా ఇంట్లో మాట వినిపించేది కాదు. పగలంతా ఆయన వసారాలో గోడకు ఆనుకుని, ఊపిరి పీల్చుకోవడమే పెద్ద పనైనట్టు కూచునేవాడు.

వాళ్ళది వేట ఇల్లు. ఆయన తాత కాలంలో కుందేళ్ళనూ అడవి పందులనూ విల్లుతోనే కొట్టేవారట. ఇప్పుడు వేటాడితే నేరం. కొండ మీద గాలిమరలు తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు కూడా. మిగిలిందల్లా తిరునాళ్ళ చివరి రోజు జరిగే పారువేట. దేవుణ్ణి పల్లకీలో కొండ కిందికి తీసుకుపోతారు. దేవుడి తరఫున మా ఇంటి మగవాడొకడు ఖాళీ పొదల మీదికి ఒక బాణం వేస్తాడు. అంతటితో వేట అయిపోయినట్టే. మా మామ బతికున్నన్నాళ్ళు ఆ విల్లు తనే చేసేవాడు. మామ పోయాక పాత విల్లును చెదలు తినేశాయి. అప్పటి నుంచి ప్లాస్టిక్ పైపును వంచి, మెరుపు కాగితం చుట్టిన విల్లుతో నా మరిది ఆ తంతు కానిచ్చేవాడు.

ఒకరోజు పొద్దున నేను సంగటి పెడుతుంటే మా ఆయన ఉన్నట్టుండి అన్నాడు.

"ఈతూరి విల్లు నేనే చేస్తానే."

"ఊపిరే అందకపోతే విల్లు యాడ చేస్తావయ్యా?"

"చేతులు బాగనే ఉండాయి గదా. ఊరికే కూసుంటే నా దగ్గు నాకే ఇనపడతాండాది. పనిలో పడితే అదన్నా మరిచిపోతా."

ఆ మాట విన్నాక నేను వద్దనలేకపోయాను.

మా చేని చివర, వంక ఒడ్డున, ఒక తడ చెట్టు ఉంది. తడకొయ్యను వంచితే విరగదు, వదిలితే మళ్ళీ లేచి నిలబడుతుంది. విల్లుకు అంతకు మించిన కొయ్య మా వైపు దొరకదు. ఆ చెట్టు కూడా కరువుకు సగం ఎండిపోయి ఉంది. మరిది మా ఆయన్ను మోటార్ సైకిల్ మీద తెచ్చి గట్టు మీద దింపి పోయాడు. ఆయన కింద కూచుని వేలితో చూపిస్తే నేను కొమ్మ మీదికెక్కి మచ్చుకత్తితో నరికాను. మణికట్టు లావు ఉండాలి, ముడి ఉండకూడదు, మెలి తిరగకూడదు. ఎంత వెతికినా అలాంటివి రెండే దొరికాయి. కొసలు పగలకుండా పేడ మెత్తి, ఖాళీగా ఉన్న ఎనుముల కొట్టంలో నీడకు ఆరబెట్టాం.

కొయ్య ఆరాక, చెక్కడానికి ఆయనే బాడిస పట్టుకున్నాడు. నాలుగు దెబ్బలు వేశాడో లేదో దగ్గు తెర కమ్ముకుంది. బాడిస జారి కాలి పక్కన పడింది. కాసేపయ్యాక దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు.

"నేను చెప్తా, నువ్వు చెక్కు."

"దేవుని విల్లుకు ఆడదాని చెయ్యి తగలొచ్చునా?"

"ఎవురు చెక్కేది కొయ్యకు తెలుస్తాదా?"

విల్లు బయటి వైపును, బెరడు ఊడదీసిన ఆ వైపును, కత్తితో ముట్టుకోకూడదన్నాడు. అక్కడ ఒక్క పోగు తెగినా కొయ్య అక్కడే విరుగుతుంది. చెక్కితే లోపలి వైపే చెక్కాలి. నడుమ పట్టుకునే చోట లావుగా ఉంచి, కొసలకు పోయేకొద్దీ సన్నం చేసుకుంటూ రావాలి. ఇంత చెప్పినా, బయటి వైపు చిన్న బొడిపె కనిపిస్తే అందంగా ఉండదని చెక్కేశాను. మోకాటికి ఆనించి వంచేసరికి సరిగ్గా అక్కడే ఫెళ్ళున విరిగింది. ఆయన తిట్టలేదు. విరిగిన ముక్కను చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"ఇంకోటి ఉండాది గదా," అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

రెండో కొమ్మను భయం భయంగా చెక్కాను. బాడిస పని అయ్యాక సీసా పగలగొట్టి ఆ గాజుపెంకుతో గీకాను. ఆయన ఎదురుగా కూచుని ఒక కన్ను మూసి చూసేవాడు. "ఎడమ పక్క ఇంకా బిగుసుకోనుండాది. రోంత గీకు," అనేవాడు. నారి కోసం జిల్లేడు కట్టెలు కోసుకొచ్చి ఎండబెట్టి, దంచి నార తీసి, తొడ మీద పేనింది కూడా నేనే. నారి పేనడం మాత్రం తనకూ వీలయ్యే పని కావడంతో కొంచెం ఆయనా పేనాడు.

ఆ పని జరిగినన్నాళ్ళు ఆయన మాట్లాడాడు. పెళ్ళయినప్పటి నుంచీ అన్ని మాటలు నేను వినలేదు. ఫ్యాక్టరీ షెడ్డులో తన పక్కన పడుకునే మనిషి గురించి చెప్పాడు. అతనూ ఇలాగే దగ్గేవాడట. ఒక పొద్దున లేవలేదు. అతనిది ఏ ఊరో అక్కడ ఎవరికీ తెలియదు. "అన్నేండ్లు పక్కనే పండుకున్యా, మీది యా ఊరప్పా అని నేను గూడా అడగలేదు," అన్నాడు మా ఆయన. పని అయిపోతే ఈ మాటలు కూడా ఆగిపోతాయని నాకు దిగులు. నున్నగా అయిన చోట కూడా ఇంకా గీకుతూ కూచునేదాన్ని.

"చాల్లేవే, ఇంగ గీకితే గడ్డిపోచ అయితాది," అన్నాడు చివరికి. ఆముదం రాసి, సెగ చూపించి, నారి కట్టాం.

తిరునాళ్ళ ముందు గుడి పెద్దమనిషీ నా మరిదీ ఇంటికి వచ్చారు. పెద్దమనిషి విల్లును వెలుతురులోకి తీసుకుపోయి చూశాడు.

"అచ్చం మీ నాయన చేసినట్లే ఉండాదప్పా."

"నేను గాదు మామా," అన్నాడు మా ఆయన. "చెక్కింది నా పెండ్లాము. పక్కన కూసోని చెప్పినానంతే."

మరిది తల వంచుకున్నాడు. పెద్దమనిషి విల్లును మంచం మీద పెట్టేశాడు.

"ఆ మాట చెప్పకపోయింటే బాగుండునప్పా. ఆడమనిషి చెక్కిన విల్లు దేవుని ముందర యెట్ల ఎత్తేది?"

"అట్లని అబద్ధం చెప్పమంటావా?"

పెద్దమనిషి కండువా దులుపుకుని గుమ్మం దాటాడు. ఆ ఏడాది కూడా పైపు విల్లే పల్లకీ వెంట పోయింది.

పారువేట రోజు మేమిద్దరం ఇంట్లోనే ఉండిపోయాం. కొండ వైపు నుంచి పలకలు కొట్టే చప్పుడు వినిపిస్తుంటే ఆయన విల్లు తీసుకుని పెరట్లోకి రమ్మన్నాడు. అక్కడ కూలిపోయిన గోడ మట్టికుప్పగా పడి ఉంది. ఆయన మొన చెక్కిన పుల్లను బాణంగా ఎక్కుపెట్టి నారి లాగాడు. బెత్తెడు కూడా రాలేదు. మళ్ళీ లాగాడు. విల్లు నాకిచ్చి, "నువ్వు లాగు," అన్నాడు. నాకు సరిగ్గా పట్టుకోవడం కూడా రాదు. లాగి వదిలాను. బాణం మట్టిలోకి దిగి నిలబడింది. ఆయన నవ్వాడు. ఆ నవ్వే దగ్గుగా మారి, పలకలు ఆగిపోయాక కూడా ఆగలేదు.

ముంగారు తొలివానలు పడకముందే ఆయన పోయాడు. ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టాక ఇక మాట్లాడనేలేదు.

మరుసటి తిరునాళ్ళకు పెద్దమనిషీ మరిదీ మళ్ళీ వచ్చారు. పైపు విల్లు ఎండకు పగిలిపోయిందట.

"ఆ విల్లు ఇస్తావా తల్లీ?" అన్నాడు పెద్దమనిషి.

"అప్పుడు పనికిరాలేదు గదా పెద్దాయనా?"

"ఆయప్ప చేసినాడనే చెప్తాంలే. పోయినోని పేరు నిలబడతాది. నీకేం నష్టం?"

మరిది కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇయ్యి వదినా. అన్న విల్లు గదా," అన్నాడు.

లోపలికి పోయి గోడకు తగిలించిన విల్లు ముందు నిలబడ్డాను. బతికున్నప్పుడు ఆయన ఒప్పుకోని అబద్ధాన్ని, కాదనడానికి లేనప్పుడు తెచ్చి ఆయన నెత్తినే పెడుతున్నారు. ఆ కోపంలో ఇవ్వకూడదనిపించింది. ఇవ్వకపోతే మాత్రం ఈ ఊళ్ళో ఇక ఆయన పేరు తలిచేవాళ్ళెవరు? ఏది సరో తేల్చుకోలేకే తెచ్చి ఇచ్చేశాను.

ఆ సాయంత్రం కొండ కింద ఆడవాళ్ళ గుంపులో నిలబడ్డాను. మరిది నారి లాగి వదిలాడు. బాణం పొదలు దాటి, ఎవరూ అనుకోనంత దూరం పోయింది. జనం కేకలు పెట్టారు. నా పక్కనున్న ముసలావిడ నా భుజం పట్టుకుని, "ఏం చేసినాడమ్మా నీ మొగుడు, ఎట్లాంటి విల్లు!" అంది.

నేను కదా చేసింది అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆయనైతే చెప్పేసేవాడు. నేను తల ఊపి, కొంగు సర్దుకుని, పల్లకీ వెనక జనంతో పాటు ఊళ్ళోకి నడిచాను.