మా నడిమింట్లో దూది ఖజానా

మొన్న మా మనవరాలు తాను చేరిన సేవా సంఘం లెక్కలు ఫోనులో చూపించింది. వచ్చిందీ పోయిందీ పైసాతో సహా ఉంది, వంక పెట్టడానికి లేదు. అయినా నా మనసు ఆదిలాబాదులో మేము కొత్త కాపురం పెట్టిన ఇంటికి పోయింది, ఎందుకంటే ఒక సంఘం ఖజానా మొత్తం ఆ ఇంటి నడిమి గదిలో, నా మంచం పక్కనే ఉండేది.

ఆ ఖజానా దూది. మా ఆయన జిన్నింగు మిల్లులో గుమాస్తా, స్నేహితులతో కలిసి పెట్టుకున్న చిన్న సేవా సంఘానికి కోశాధికారి. చందా అడిగితే రూపాయి ఇవ్వలేని రైతులు కూడా మిల్లు ముందు ఆగిన బండ్లలోంచి దోసెడు పత్తి సంతోషంగా ఇచ్చేవారు, మిల్లువాళ్లు ఊరికే గింజ తీసి పెట్టేవారు, ధర పెరిగేదాకా దాన్ని దాచే భాగ్యం మాత్రం నాది. కూరలో దూది, తలలో దూది, తుమ్ములతోనే తెల్లవారేది. ఆ యేడు దాన్ని అమ్మి, సగంలో ఆగిన లైబ్రరీ గదికి కప్పు వేయాలని అందరూ ఆశపడ్డారు.

చలి ముదిరిన రోజుల్లో మా ఆయన దవాఖానకు వెళ్లి వచ్చి, అన్నం కలపకుండా కూర్చుండిపోయారు. మంచాలన్నీ నిండి, ఉట్నూరు వైపు నుంచి వచ్చిన ఒక బాలింత పసిగుడ్డుతో బండల మీదే పడుకుందట, అలాంటివాళ్లు ఇంకా ఉన్నారట. ఆయన చూపు దూది మూటల మీదికి పోయేసరికి ఆయన ఉద్దేశం నాకు అర్థమైంది.

"పదిమంది సొమ్ము, అడగకుంట ముట్టకుండ్రి, దొంగ అంటరు" అన్నాను.

"అందరు కూసొని మాట్లాడేదాంక ఆ పసిగుడ్డుకు చలి ఆగుతదా?" అన్నారు.

తెల్లవారి మా వాకిట్లో దూది ఏకే చాచా విల్లు మోగింది. నా పాత చీరలు పరుపులకు గలేబులయ్యాయి.

నేను భయపడ్డట్టే అయింది. ఆ ఆదివారం మూటల కోసం వచ్చిన సభ్యులకు ఖాళీ గది కనిపించింది. సంఘం అధ్యక్షులైన పెద్దసారు, మా ఆయనకు చదువు చెప్పినవారే, "అమ్ముకున్నవా?" అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయన ముఖం మాడిపోవడం నేను ఇప్పటికీ మరువలేదు.

"ఖజానా ఏడికి పోలే సార్, దవాఖానల ఉన్నది. పోయి చూసి రాండ్రి" అన్నారు.

పోయారు. నేను పొయ్యి మీది చాయ్ సంగతి మరిచి వాకిట్లోనే నిలబడ్డాను. తిరిగొచ్చిన పెద్దసారు నేరుగా ఆయన పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేశారు. "ఇంక ముగ్గురు కిందనే పండుకున్నరు. దూది ఏడికెల్లి తెద్దాం?" అన్నారు.

లైబ్రరీకి కప్పు పడటానికి ఇంకో పత్తికాలం పట్టింది. అందాకా అందరూ మా నడిమింట్లోనే పత్రికలు చదివారు, చాయ్‌లు నేనే పెట్టాను, సణుగుతూనే పెట్టాను.

ఇప్పుడు ఆయన లేరు. సంఘాల సొమ్ము బ్యాంకుల్లో భద్రంగా ఉంటోంది, ఎవరినీ 'అమ్ముకున్నవా?' అని అడగవలసిన పని లేదు, మంచిదే. మనవరాలి ఫోనులోని అంకెలను మరోసారి చూసి, ఇందులో ఆ పసిగుడ్డు ఎక్కడ పడుకుందే అని అడిగాను. ఆ పిల్ల అర్థం కాక నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఆయన గుర్తొచ్చి కళ్లు తడిశాయి.